మెట్ట, తిప్ప, పుంత: మెట్టకూరు నుంచి కోరంగి దాకా కాలినడకన కనిపించే చరిత్ర

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కొండ దూరపు వస్తువు. మెట్టకూరు పొలం గట్టు మీద నిలిచి నాలుగు వైపులా చూస్తే వరిచేలు, వాటి అంచున కొబ్బరి తోపులు, ఆపైన ఆకాశం తప్ప మరేమీ కానరావు. అయినా మన ఊరి పేరులోనే మెట్ట ఉంది. ఈ సీమలో మెట్ట అంటే వరదనీరు చుట్టూ చేరినప్పటికీ గడప తడవని నేల అని అర్థం. ఎత్తు చూస్తే జానెడో మూరెడో మాత్రమే ఉండవచ్చును. ఆ మూరెడు ఎత్తు కోసమే మన పూర్వులు ఊరు ఎక్కడ కట్టాలో, గుడి ఎక్కడ నిలపాలో, శ్మశానం ఎక్కడ ఉండాలో నిర్ణయించుకొన్నారు. బస్సులో పోయేవానికి ఈ భేదం తెలియదు. నడిచేవాని మోకాళ్లకు తెలుస్తుంది.

మన పరిసర గ్రామాల పేర్లను వరుసగా చదివితే అది ఒక పటం వలె తోస్తుంది. ఇసుకతిప్ప, దరియాలతిప్ప, ఫ్రాంసుతిప్ప అనేవి నది తెచ్చిపోసిన ఇసుకమేటల మీద వెలసిన ఊళ్లు. ఎదుర్లంక ఏటికి అవతల, పేరుకు తగినట్లుగా లంక. అడవిపొలం పేరులో అడవీ ఉన్నది, అడవిని కొట్టి వేసిన పొలమూ ఉన్నది. కనకాలపేట, ఫరంపేట మొదలైన పేటలు జనావాసం పెరిగిన తీరును తెలుపుతాయి. మెట్ట, పల్లం, తిప్ప, లంక, దిబ్బ అంటూ నేల ఎత్తుపల్లాలకు ఇన్ని మాటలు కల్పించుకొన్న జాతి వేరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు. మంచుదేశాల వారు మంచుకు అనేక నామాలు పెట్టుకొన్నారని అంటారు. మనం మట్టికీ నీటికీ పెట్టుకొన్నాము.

ఈ ఊళ్లను కలిపేది పుంత. గోదావరి జిల్లాల వారికి ఈ మాటను వివరించనక్కరలేదు గాని, పట్టణాలలో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల పిల్లల కొరకు చెబుతున్నాను. పశువులు, బండ్లు, మనుషులు పోయే మట్టిబాట పుంత. ఇరువైపులా తాడిచెట్లు, నాగజెముడు, తుమ్మలు ఉంటాయి. వర్షాకాలంలో అదే కాలువ, వేసవిలో అదే రహదారి. గుంటూరు ప్రాంతంలో దీనినే డొంక అంటారు. ఆంధ్ర గ్రామాల భూమి లెక్కలలో ఇది పుంత పోరంబోకుగా నమోదై ఉంటుంది. అనగా అది ఎవరి సొత్తూ కాదు, అందరి దారి. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఈ దారుల మీద జరిగినదే. మన ఊరి నుంచి ఇంజరం, అక్కడి నుంచి తిరిగి యానాం మీదుగా నీలపల్లి, తాళ్లరేవు, కోరంగి దాకా ఒకటి రెండు దినాలలో తీరికగా నడిచి ముగించగల దూరంలో మూడువందల ఏళ్ల చరిత్ర పడి ఉన్నది.

అంతకన్న పాత నడక ఒకటి ఉన్నది. గోదావరి సప్తర్షుల పేర ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని మన విశ్వాసం. ఆ ఏడు సంగమ స్థలాలలో స్నానం చేసే యాత్రను సప్తసాగర యాత్ర అన్నారు. పుష్య బహుళ అమావాస్య నాడు, అనగా జనం చొల్లంగి అమావాస్య అని పిలుచుకొనే దినాన, తుల్యభాగ కలిసే చొల్లంగి వద్ద యాత్ర ఆరంభం. మాఘశుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరుకొని వసిష్ఠ గోదావరి సంగమంలో ముగింపు. నడుమ ఆత్రేయ పాయ స్థలం కోరంగి. సంతానం కోరిన దంపతులు ప్రధానంగా ఈ యాత్ర చేసేవారు. తీరం పొడవునా బురద, మడ అడవి, పాయలు దాటడానికి నావలు, పది దినాల పైచిలుకు ప్రయాణం. ఇంతటి శ్రమ చేసినవారికి డెల్టా మొత్తం కాళ్లకింద తెలిసి ఉండేది. మన వైపు తీరప్రాంతానికి తొలి భూగోళ పాఠం చెప్పినవారు ఈ యాత్రికులేనని నా అభిప్రాయం. మన యానాం వద్దనే గౌతమి నుంచి కోరంగి ఏరు చీలుతుంది. ఆత్రేయ అని శాస్త్రం చెప్పే పాయ అదే. మనం నిత్యం దాటే నీటికి ఋషి పేరు ఉన్నదని ఎందరికి గుర్తు ఉంటుంది?

ఇక ఇంజరం. నేడు చూసేవారికి అది వరి పండే సాధారణ గ్రామం. 1708లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీవారు అక్కడ ఫ్యాక్టరీ నెలకొల్పారు. ఫ్యాక్టరీ అనగానే పొగగొట్టాలు ఊహించరాదు. ఆనాడు ఆ మాటకు కంపెనీ గుమాస్తాలు ఉండే ఇల్లు, సరకు నిలవచేసే గిడ్డంగి, లెక్కలు రాసే కచేరీ అని మాత్రమే అర్థం. కల్కత్తా మహానగరం కావడానికి ఎంతో ముందే, మద్రాసుకు ఉత్తరాన వారు ఏర్పరచుకొన్న తొలి స్థావరాలలో ఇంజరం ఒకటి. కారణం సేనాపతులు కాదు, సాలెవారు.

ఈ ఊళ్ల మగ్గాల మీద నేసిన సన్నని నూలు వస్త్రానికి లండనులో గిరాకీ ఉండేది. గుడ్డ నాణ్యాన్ని పుంజాలతో లెక్కించేవారు. పడుగులో 120 పోగులు ఒక పుంజం. 14 పుంజాల గుడ్డ అంటే పడుగులో 1,680 పోగులు అన్నమాట. పుంజాలు పెరిగినకొద్దీ గుడ్డ సన్నన, ధర హెచ్చు. ఆ తెలుగు మాట కంపెనీ ఉత్తరాలలో ఆంగ్ల రూపం దాల్చి సముద్రాలు దాటింది. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం మరింత దూరం పోయింది. ఆ ఊరి పేరే మాదపోలం అనే ఒక రకం నూలుగుడ్డకు పేరై ఇంగ్లీషు నిఘంటువులలో నిలిచిపోయింది. గుడ్డకు ఊరి పేరు దక్కింది గాని, నేసినవాని పేరు ఎక్కడా దక్కలేదు.

నేతవాని బ్రతుకు బయానాలతో ముడిపడినది. కంపెనీవారు దళారులకు, దళారులు సాలెలకు ముందుగా సొమ్ము ఇచ్చేవారు. సొమ్ము పుచ్చుకొన్నవాడు మరొకరికి గుడ్డ అమ్మరాదు. ధర నిర్ణయించేది కొన్నవాడే. పొరుగున రెండు మూడు ఐరోపా కంపెనీలు పోటీపడినంత కాలం సాలెవానికి కొంత బేరమాడే వీలు ఉండేది. పోటీ తగ్గినకొద్దీ ఆ వీలు సన్నగిల్లింది. ఇంజరం కథను యుద్ధాల కథగా మాత్రమే చెప్పేవారు ఈ సంగతిని విస్మరిస్తారు.

పోటీకి వచ్చినవారు మన యానాం ఫ్రెంచివారు. వారు 1723లో ఇక్కడ స్థావరం ఏర్పరచారు. వ్యాపారం సాగక 1727లో విడిచిపోయి, 1731లో తిరిగివచ్చారు. ఇంజరం, యానాం నడుమ దూరం ఒక పూట నడక కూడా కాదు. ఈ కోఠీలో గంట కొడితే ఆ కోఠీలో వినబడుతుందేమో అన్నంత సమీపం. లండను, పారిస్ నగరాలలో రాజులు కయ్యానికి దిగిన ప్రతిసారీ ఈ రెండు పల్లెల నడుమ పొలాల మీదుగా సిపాయిలు నడిచేవారు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగిన సంగతి మనకు పాటల ద్వారా, నాటకాల ద్వారా సుపరిచితం. అదే ఏడాది బుస్సీ పక్షాన ఇంజరం, బండమూర్లంక, మాధవాయిపాలెం ఆంగ్ల స్థావరాలు పట్టుబడిన సంగతి అంతగా తెలియదు. ఆ జూన్‌లో విశాఖపట్నం కూడా ఫ్రెంచివారి పరమైంది. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి వద్ద కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతి కలిసి ఫ్రెంచి సేనను ఓడించారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. ఉత్తర సర్కారులు ఎవరివో అక్కడితో తేలిపోయింది.

తరువాత యానాం చరిత్ర చేతులు మారిన చరిత్ర. 1763 పారిస్ సంధితో ఫ్రెంచివారికి తిరిగి దక్కింది. 1778లో ఆంగ్లేయులు పట్టుకొన్నారు, మరల ఇచ్చారు. 1793లో మరల పట్టుకొన్నారు. నెపోలియను యుద్ధాలు ముగిసిన తరువాతనే అది స్థిరంగా ఫ్రెంచివారి పాలనకు వచ్చింది. 1814 నాటి సంధిలో ఒక షరతు గమనార్హం. ఇండియాలోని ఫ్రెంచి స్థావరాలలో కోటలు కట్టరాదు, శాంతిభద్రతలకు చాలినంత బలగం తప్ప సైన్యం ఉంచరాదు. యానాంలో కోట ఎందుకు లేదని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ఆ షరతు తరువాత కట్టే అవకాశమే లేకపోయింది.

1793లో ఆంగ్లేయులు పట్టుకొన్నప్పుడు యానాం అధికారిగా ఉన్నవాడు పియర్ సొనెరా. ఆయన వృత్తికి పాలకుడైనా ప్రవృత్తికి ప్రకృతి శాస్త్రజ్ఞుడు. తూర్పు దేశాలు, చైనా తిరిగి తాను చూసిన చెట్లను, పక్షులను, మనుషుల ఆచారాలను బొమ్మలతో సహా 1782లో గ్రంథంగా ప్రచురించాడు. ఆ సంవత్సరమే శాస్త్రజ్ఞులు ఒక మడచెట్టు ప్రజాతికి ఆయన పేరిట సొనరేషియా అని నామకరణం చేశారు. ఆ ప్రజాతి చెట్టు కోరంగి మడ అడవిలో నేటికీ పెరుగుతున్నది. మన్నులోంచి పైకి మేకుల వలె పొడుచుకువచ్చే ఊపిరివేళ్లు గల ఆ చెట్టు కిందుగా నడిచేవారు, ఒకప్పటి యానాం అధికారి పేరు మోస్తున్న చెట్టు నీడన నడుస్తున్నామని ఎరుగరు. ఆయనను మాత్రం ఆంగ్లేయులు పుదుచ్చేరిలో 1813 దాకా ఖైదీగానే ఉంచారు.

యానాం దాటి కాకినాడ దారి పట్టగానే నీలపల్లి. ఇక్కడ కూడా ఆంగ్ల వర్తక స్థావరం ఉండేది. ఫ్రెంచి జెండాకూ ఆంగ్ల జెండాకూ నడుమ ఒక ఏరు మాత్రమే అడ్డు. నీలపల్లిని త్వరగా దాటి పోదాము. మన నడకకు అసలు గమ్యం కోరంగి.

యానాం నుంచి తాళ్లరేవు మీదుగా కోరంగి పది కిలోమీటర్ల పరిధిలో ఉంటుంది. నేడు అక్కడ దిగేవారు మడ అడవిని చూడవచ్చే సందర్శకులు. రెండువందల ఏళ్ల కిందట కల్కత్తాకు, సింహళంలోని తిరుకోణమలైకి నడుమ పెద్ద ఓడలను రేవులోకి తెచ్చి మరమ్మతు చేయగల చోటు ఈ తీరంలో కోరంగి ఒక్కటే అని ప్రసిద్ధి. 19వ శతాబ్దం ఆరంభంలో ఎబినేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ యుద్ధనౌకలకు సైతం సరిపోయే డాక్ కట్టించాడు. కలప కోసేవారు, ఓడ సందులకు జనుము కూరేవారు, తెరచాపలు కుట్టేవారు, తండేళ్లు, సరంగులు ఈ ఊరి వీధుల్లో తిరిగేవారు. ఏ ఓడ ఏ పున్నమికి బయలుదేరుతుందో తెలుసుకోవడానికి పొరుగూళ్ల వర్తకులు పుంతల వెంబడి ఇక్కడికి నడిచి వచ్చేవారు.

ఆ ఊరిని రెండు ఉప్పెనలు చంపాయి. 1789 డిసెంబరులో పోటు సమయాన మూడు అలలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కోరంగిని ముంచెత్తాయని ఆనాటి కథనం. మొదటి అల ఓడలను ఒడ్డుకు విసిరింది, తక్కినవి ఊరిని తుడిచిపెట్టాయి. ఇరవై వేల మంది మరణించారని రాశారు. యాభై ఏళ్ల తరువాత 1839 నవంబరు 25న మరొక ఉప్పెన వచ్చింది. దీనిలో మూడు లక్షల మంది మరణించారని, ఇరవై వేల నావలు మునిగాయని దేశదేశాల గ్రంథాలలో తిరిగి తిరిగి అచ్చవుతున్నది. కోరంగి ఎంతటి రేవైనా ఆ సంఖ్యను ఉన్నది ఉన్నట్లుగా నమ్మడం కష్టం. 1841 లెక్కల ప్రకారం నాటి రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 5,61,041 మాత్రమే. మూడు లక్షలు పోయిన జిల్లాలో మిగిలినవారి లెక్క ఆ విధంగా ఉండదు. ఎవరో ఒకరు పొరపాటున వేసిన సున్నా వందేళ్లు ప్రయాణం చేసి ఉంటుంది. సంఖ్య తగ్గినంత మాత్రాన దుఃఖం తగ్గదు. ఊరు పోయిన మాట నిజం.

కల్కత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఓడ అధికారి ఈ తీరపు తుఫానులను ఓడల దినచర్య పుస్తకాల నుంచి పోగుచేసి పరిశీలించాడు. గాలి పాము చుట్ట వలె వలయంగా తిరుగుతుందని గ్రహించి, గ్రీకు మాట ఆధారంగా సైక్లోన్ అనే పదాన్ని కల్పించినవాడు ఆయనే. 1848లో నావికుల కొరకు వెలువరించిన గ్రంథంలో ఆ పదాన్ని స్థిరపరచాడు. నేడు రేడియోలో, టెలివిజన్‌లో ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక కోరంగి మృతుల ఊపిరి ఉన్నదని చెప్పితే అది అతిశయోక్తి కాబోదు.

ఉప్పెన ఒక్కటే కోరంగిని కూలదోయలేదు. గోదావరి ఏటేటా తెచ్చిపోసే ఒండ్రు రేవు ముఖద్వారంలో మేట వేసింది. ఎదుట సముద్రంలో ఇసుక పొడవుగా పేరుకొని నేడు మనం హోప్ ఐలాండ్ అని పిలిచే దీవి రూపొందింది. పెద్ద ఓడలు లోనికి రాలేకపోయాయి. దీవి చాటున అలలు తగ్గిన కాకినాడ రేవు మాత్రం లాభపడింది. ఏ నది ఒండ్రు మీద మన మెట్టకూరు నిలిచి ఉన్నదో, ఆ ఒండ్రే కోరంగి రేవును పూడ్చింది.

రేవు పోయినా పేరు పోలేదు. ఈ తీరం నుంచి రంగూనుకు కూలిపనికి, ఓడపనికి పోయిన తెలుగువారందరినీ బర్మావారు కోరంగీలు అన్నారు. శ్రీకాకుళం నుంచి పోయినా, విశాఖ నుంచి పోయినా కోరంగీయే. ఆ పిలుపులో గౌరవం తక్కువ. రేవు దాటించినవాని ఊరి పేరు ఒక జాతి మొత్తానికి తగిలించడం మాత్రం విశేషం. 1942 మార్చి 8న జపాను సేనలు రంగూనును పట్టుకొన్నప్పుడు ఈ కోరంగీలు లక్షలాది ఇతర భారతీయులతో కలిసి అరకాను కనుమలు, మణిపురం కొండలు దాటి నడిచి వచ్చారు. ఆకలితో, కలరాతో, మన్నెపు జ్వరాలతో దారిలో వేలకువేలు రాలిపోయారు. మన జిల్లాల చరిత్రలో అంతటి నడక మరొకటి లేదు. కొండ ఎరుగని డెల్టా మనుషులు తొలిసారి చూసిన కొండలు అవి.

యానాం నుంచి కూడా మనుషులు పోయారు. 18వ శతాబ్దం చివరి కరువు ఏళ్లలో ఈ తీరం నుంచి బీదజనాన్ని కొని హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచి దీవులకు బానిసలుగా తరలించారు. ఆ వ్యాపారంలో ఏ ఒక్క జాతి వర్తకులో కాదు, పలువురి చేతులు ఉన్నాయి. పిదప ఒప్పంద కూలి విధానం వచ్చింది. 1828లో తుర్కాయిజ్ అనే ఓడ మీద యానాం నుంచి రీయూనియన్ దీవికి చేరిన 15 మంది తెలుగువారు ఆ దీవికి ఒప్పందం మీద వెళ్లిన తొలి భారతీయ కూలీలు. వారు ఏ పల్లె నుంచి ఏ పుంత వెంట నడిచి రేవు చేరారో ఊహించుకోవలసిందే. ఇంజరం ఫ్యాక్టరీ 1829లో మూతపడింది. మాంచెస్టరు మరనూలు వచ్చి మగ్గాలు మూలపడ్డాయి. 1832, 33 నాటి కరువు మిగిలిన పని పూర్తిచేసింది. 1821లో 7,38,308గా ఉన్న జిల్లా జనాభా పైన చెప్పిన 5,61,041కి దిగజారినది ఈ ఇరవై ఏళ్లలోనే. నేత, కరువు, ఓడ, ఉప్పెన అనేవి విడివిడి అధ్యాయాలుగా పాఠ్యగ్రంథాలలో ఉండవచ్చును గాని ఇంజరం నుంచి కోరంగికి నడిచేవానికి అవి ఒకే దారి మీద తగులుతాయి.

1847లో ఆరంభించి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేల తలరాతను మార్చింది. కాటన్ దొర గురించి మనవారు చాలినంత రాశారు గనుక నేను విస్తరించను. నడక విషయంలో మాత్రం ఒక మాట. కాలువలు వచ్చాక కాలువ గట్టే కొత్త పుంత అయింది. గాలి లేని దినాన పడవ ముందుకు సాగాలంటే ఇద్దరు ముగ్గురు మనుషులు భుజాన తాడు వేసుకొని గట్టు వెంట లాగుతూ నడవాలి. ధాన్యం, బెల్లం, కొబ్బరి, పెండ్లివారు, అందరూ ఆ మనుషుల కాళ్ల మీదనే ప్రయాణం చేశారు. లాకుల వద్ద ఆగినప్పుడు వారు చుట్ట వెలిగించుకొని సేదతీరే చింతచెట్లు మా బాల్యంలో ఇంకా ఉండేవి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పుంతలకు వింత ప్రాముఖ్యం కలిగింది. పొలం గట్టుకు ఇవతల ఫ్రాన్సు, అవతల బ్రిటిషు ఇండియా. 1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమలులోకి వచ్చి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలు నేరమయ్యాయి. ఆ చట్టం యానాంలో చెల్లదు. చుట్టుపట్ల జిల్లాల నుంచి పెండ్లివారు బండ్లు కట్టుకొని, పడవలెక్కి, కాలినడకన యానాం చేరి చిన్నపిల్లల పెండ్లిళ్లు చేసుకొనిపోయారు. ఊరికి కల్యాణపురం అని ముద్దుపేరు కూడా వచ్చింది. ఈ పేరును గర్వంగా చెప్పుకొనేవారిని చూశాను. ఆ పందిళ్లలో నిద్రకు తూగిన ఎనిమిదేళ్ల పిల్లలను తలచుకొంటే గర్వపడవలసినది ఏమీ లేదనిపిస్తుంది.

సుంకాల విషయం వేరు. 1941లో కుదిరిన సుంకాల ఒడంబడిక 1949లో రద్దయినాక యానాం పొలిమేర తిరిగి అంతర్జాతీయ సరిహద్దు వలె మారింది. విదేశీ వస్తువులు రాత్రివేళ గట్ల మీదుగా దాటిపోయేవి. చౌకీ ఉన్న రోడ్డు కన్న చౌకీ లేని పుంత మేలు అని అందరికీ తెలుసు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచన దళాలు ఆంధ్ర వైపు నుంచి ప్రవేశించి యానాంను స్వాధీనం చేసుకొన్నాయి. నవంబరు 1న పాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. ఆనాటి పొలిమేర నేడు రెండు ప్రభుత్వాల బోర్డులుగా, పెట్రోలు బంకుల వద్ద ధరల తేడాగా మిగిలింది.

ఇక్కడ ఒక విదేశీ ప్రస్తావన అవసరం. ఇంజరంలో గుడ్డ లెక్కలు రాసిన గుమాస్తాల స్వదేశంలో, లండనుకు పడమట, దక్షిణాన సుద్దకొండలు ఉన్నాయి. చిల్టర్న్స్, సౌత్ డౌన్స్ అని వాటికి పేర్లు. మన నల్లబల్ల మీద రాసే సుద్దకు వారి మాట చాక్ ఈ రాతికి పెట్టిన పేరే. కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున సూక్ష్మజీవుల గుల్లలు పేరుకొని గట్టిపడిన రాయి అది. వాననీరు దాని సందులలోకి ఇంకి, వడగట్టుకొని, అడుగున తేటయేళ్లుగా పైకి వస్తుంది. ఆ యేళ్ల పక్కన వేయి ఏళ్ల నాటి పల్లెలు, చర్చీలు. పొలాల నడుమ కాలిబాటలు. ఆ సౌందర్యాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. వారు చేసిన ఒక పని చెప్పదలచాను. 1949లో వారి పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ప్రతి జిల్లా ప్రభుత్వం తన పరిధిలోని బహిరంగ కాలిబాటలను అధికారిక పటంలో గుర్తించి తీరాలి. పటం మీద ఎక్కిన బాట పొలం యజమానికి ఇష్టం లేకపోయినా అందరి బాటే. ఆదివారం నాడు సంచీ భుజాన వేసుకొని ముసలివారు, పిల్లలు ఆ పటం చేతబట్టుకొని నడుస్తారు.

మన పుంత లెక్కలలో ఉన్నది, పటంలో అందరి చేతికి రాలేదు. 1990ల నుంచి తీరప్రాంతంలో రొయ్యల చెరువులు పెరిగాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరమండలంలో ఈ చెరువులపై ఆంక్షలు విధిస్తూ తీర్పు ఇచ్చినా, అనేక చోట్ల గట్లు తెగి, పుంతలు చెరువు కట్టలలో కలిసిపోయాయి. అదే ఏడాది నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మన పెద్దల మనసులో ఇంకా ఉన్నది. వేయికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి మనుషులు పరుగెత్తినది ఎక్కడికి? ఎత్తుగా ఉన్న గట్టుకు, గుడి అరుగుకు, బడికి. 1986 ఆగస్టు వరదలోనూ అంతే. ఏ పుంత ముందుగా మునుగుతుందో, ఏది చివరి దాకా నిలుస్తుందో తెలిసినవారు బ్రతికి బయటపడ్డారు. కోరంగి మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంగా 1978 నుంచి రక్షణలో ఉన్నది. ఉప్పెన వేగాన్ని తగ్గించే ఆ అడవికి చట్టం ఉన్నది. మనిషిని మెట్టకు చేర్చే పుంతకు అటువంటి కాపు లేదు.

గౌతమి మీద ఎదుర్లంక వారధి వచ్చాక పంటు కోసం రేవున నిలిచే అగత్యం తప్పింది. నడిచే అవసరమూ తగ్గింది. పుంతల పేర్లు, మలుపులు, అవి ఏ వరదకు ఎంతవరకు మునిగాయన్న వివరం నేడు డెబ్బయి దాటిన వారి జ్ఞాపకంలో మాత్రమే ఉన్నది. మన పాఠశాల ఉన్నత తరగతుల విద్యార్థులు ఒక్కొక్క పేట పంచుకొని, ఆ పెద్దలను వెంటబెట్టుకొని నడిచి, ఈ దారులను గ్రామపటం మీద గీయవచ్చును. కొలబద్దలు, పటం కాగితాలు, ఒక వేసవి సెలవు చాలును. కార్తికం దాటిన తరువాత, చేలు కోతకు వచ్చి గట్లు ఆరిన దినాలు నడకకు అనువైనవి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరే వేళకు ఇంజరం చూసి రావచ్చును. కోరంగికి వెళ్లేవారు తిరుగు ప్రయాణం కాకినాడ నుంచి యానాం వచ్చే బస్సులో చేయవచ్చును.